80 ఏళ్ల రాక్‌స్టార్ కొత్త ఆల్బమ్ ఎందుకు వినాలి?

పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు. "అన్నా, నువ్వు చెప్పే బ్యాండ్లలో అందరూ మా తాత వయసు వాళ్లే. పాత పాటలంటే ఓకే, క్లాసిక్స్. కొత్త ఆల్బమ్స్ కూడా వినాలా? టైమ్ వేస్ట్ కదా?" అని. దానికి లైకులు బాగానే పడ్డాయి. అంటే ఈ డౌట్ ఆ తమ్ముడు ఒక్కడిది కాదు. కాబట్టి ఈ రోజు ఎపిసోడ్ మొత్తం దీని మీదే.

ముందు ఆ తమ్ముడి వైపు నుంచే మాట్లాడతా. వీటిలో చాలా ఆల్బమ్స్ నిజంగానే టైమ్ వేస్ట్. 1970ల్లో మొదలైన బ్యాండ్‌కి టూర్ వెయ్యాలని ఉంటుంది. టూర్‌కి ఒక సాకు కావాలి. ఆ సాకు పేరు కొత్త ఆల్బమ్. స్టేజి మీద అందులోంచి రెండు పాటలు వాయిస్తారు, సరిగ్గా అప్పుడే జనం లేచి బీర్ తెచ్చుకోవడానికి వెళ్తారు. ఇది అందరికీ తెలిసిన సంగతే, వాయించేవాళ్లకి కూడా.

కానీ అవి ఎందుకు వేస్ట్ అవుతాయి అన్నదే అసలు పాయింట్. వయసు వల్లా? నాకలా అనిపించదు.

మన దగ్గర ఒక మాట ఉంది చూడండి, వింటేజ్. చిరంజీవి గారి సినిమా టీజర్ వస్తే చాలు, "వింటేజ్ బాస్ ఈజ్ బ్యాక్" అని పోస్టులు పడిపోతాయి. రహ్మాన్ కొత్త పాట నచ్చితే వింటేజ్ రహ్మాన్ అంటాం, నచ్చకపోతే పాత రహ్మాన్ ఎక్కడ బాబూ అంటాం. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనట్లేదు. నేనూ అంటా. కాకపోతే ఆ ప్రేమ లోపల ఒక కండిషన్ కూడా ఉంది. నువ్వు నాకు పరిచయమైన రోజు ఎలా ఉన్నావో అలాగే ఉండు, నేను మాత్రం పెరుగుతా, పెళ్లి చేసుకుంటా, నాకు పొట్ట వస్తుంది, నువ్వు మాత్రం మారకు. రాక్ ఫ్యాన్స్ కూడా అచ్చం మనలాగే. అక్కడ రివ్యూల్లో "రిటర్న్ టు ఫామ్" అని రాస్తారు, అంతే తేడా. ఆ కండిషన్‌కి తలొగ్గి చేసిన ఆల్బమ్స్ ఒక రకంగా వినిపిస్తాయి. దాన్ని పక్కన పడేసి చేసినవి ఇంకో రకంగా వినిపిస్తాయి. ఆ తేడా మీకు వినిపించేలా చెయ్యాలన్నదే నా ట్రై.

ఫస్ట్, రోలింగ్ స్టోన్స్. హాక్నీ డైమండ్స్, 2023 అక్టోబర్ 20న వచ్చింది. అంతకుముందు వాళ్ల సొంత పాటలతో వచ్చిన ఆల్బమ్ ఎ బిగ్గర్ బ్యాంగ్, అది 2005లో. మధ్యలో 2016లో బ్లూ అండ్ లోన్సమ్ చేశారు కానీ అవన్నీ పాత బ్లూస్ పాటల కవర్లు. అంటే 18 ఏళ్లు బ్యాక్‌లాగ్‌లో పడున్న టికెట్ అన్నమాట. దాన్ని క్లోజ్ చేసింది ఎలాగంటే, మిక్ జాగర్ ఫిబ్రవరి 14 అని ఒక డెడ్‌లైన్ పెట్టేశాడు. వ్యాలెంటైన్స్ డే లోపు రికార్డింగ్ అయిపోవాలి, అంతే. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది బాగా తెలుసు. డేట్ లేని పని ఎప్పటికీ అవ్వదు.

ప్రొడ్యూసర్ ఆండ్రూ వాట్. 1990లో పుట్టాడు. స్టోన్స్ మొదలైంది 1962లో. అంటే ఇతను ఫ్యాన్ సీట్లోంచి లేచొచ్చి ప్రొడ్యూసర్ సీట్లో కూర్చున్న మనిషి. ఆల్బమ్‌లో అది తెలిసిపోతుంది. మొదటి పాట యాంగ్రీ. గిటార్ రిఫ్ వినగానే అబ్బా, స్టోన్స్ అంటాం. కోరస్ వెంటనే ఎక్కేస్తుంది. డ్రమ్స్ గ్రిడ్ మీద కూర్చోబెట్టినట్టు కరెక్ట్‌గా ఉంటాయి. జాగర్‌కి అప్పటికి 80 దాటాయి, గొంతు వింటే 50 అంటారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. నాకు ఇబ్బంది అక్కడే.

ఎందుకంటే స్టోన్స్ అందమే కొంచెం సరిగ్గా లేకపోవడంలో ఉండేది. డ్రమ్మర్ చార్లీ వాట్స్ ఒక వెంట్రుకవాసి వెనక వాయిస్తాడు, కీత్ రిచర్డ్స్ గిటార్ ఒక వెంట్రుకవాసి ముందు. ఆ రెండింటి మధ్య సందులోనే పాట ఊగుతుంది. చార్లీ 2021 ఆగస్టు 24న చనిపోయాడు. ఈ ఆల్బమ్‌లో మెస్ ఇట్ అప్, లివ్ బై ద స్వోర్డ్ అని రెండు పాటల్లో ఆయన ముందే వాయించి పెట్టిన డ్రమ్స్ ఉన్నాయి. ఒక పని చెయ్యండి. యాంగ్రీ ఒకసారి విని, వెంటనే లివ్ బై ద స్వోర్డ్ పెట్టండి. అందులో పాత బేసిస్ట్ బిల్ వైమన్ కూడా ఉన్నాడు, ఎల్టన్ జాన్ పియానో ఉంది. థియరీ ఏం అక్కర్లేదు, కాలు ఎక్కడ దానంతట అదే కదులుతుందో మీకే తెలుస్తుంది.

యాంగ్రీ వీడియో చూశారా? చూడకపోతే ఒకసారి చూడండి. లాస్ ఏంజెలిస్‌లో సన్‌సెట్ స్ట్రిప్ మీద నటి సిడ్నీ స్వీనీ ఓపెన్ టాప్ కారులో వెళ్తుంటుంది. రోడ్డు పక్కన హోర్డింగుల మీద స్టోన్స్ ఉంటారు. ఇప్పటి స్టోన్స్ కాదు. 60ల స్టోన్స్, 70ల స్టోన్స్, 80ల స్టోన్స్. ఆ పాత బొమ్మల పెదాలు కదులుతూ 2023 పాట పాడతాయి. టెక్నాలజీ సూపర్, ఒక ఇంజనీర్‌గా నేను చప్పట్లు కొడతా. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. పాట పాడింది 80 ఏళ్ల మనిషి. ఆ మనిషిని తన సొంత పాట వీడియోలోంచే తీసేసి, పాత ఫొటోలతో పాడించారు. వింటేజ్ అనే డిమాండ్‌ని బొమ్మ గియ్యమంటే ఇంతకన్నా బాగా ఎవరూ గియ్యలేరు.

అలాగని ఆల్బమ్ తీసి పారెయ్యకండి. చివరి పాట కోసమైనా ఉంచండి. రోలింగ్ స్టోన్ బ్లూస్. మడ్డీ వాటర్స్ 1950 పాట ఇది, బ్యాండ్ పేరు వచ్చిందే ఈ పాట నుంచి. దీని వెనక సంగతి ఏంటంటే, 1961లో ఇంగ్లండ్‌లో డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్‌లో జాగర్, కీత్ ఎదురుపడ్డారు. చిన్నప్పుడు ఒకే స్కూల్లో చదివిన పరిచయం. జాగర్ చంకలో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ రికార్డులున్నాయి. అక్కడ కలిసింది మాట. 62 ఏళ్ల తర్వాత ఈ పాటలో బ్యాండ్ లేదు, గెస్టులు లేరు. కీత్ గిటార్, జాగర్ గొంతు, మౌతార్గాన్. మూడు నిమిషాలు కూడా ఉండదు. ఇక్కడ గొంతులో వయసు వినిపిస్తుంది, గిటార్ మీద వేళ్లు నెమ్మదిగా కదలడం వినిపిస్తుంది. ఆర్థరైటిస్ వల్ల తన వాయింపు మారిందని కీత్ ఇంటర్వ్యూలో చెప్పాడు కూడా. ఆల్బమ్ మొత్తం ఇలా చేసి ఉంటే అమ్ముడుపోయేది కాదేమో. నేను మాత్రం కొనేవాణ్ని.

ఇదే వింటేజ్ పిచ్చి ఇంకాస్త తక్కువ వయసులోనే పట్టుకున్న బ్యాండ్ మెటాలికా. 2008, డెత్ మ్యాగ్నెటిక్. ప్రొడ్యూసర్ రిక్ రూబిన్ వాళ్లకి చెప్పిన మాట ఏంటంటే, మాస్టర్ ఆఫ్ పపెట్స్ రోజుల్లో మీ బుర్ర ఎలా ఉండేదో అలా ఆలోచించండి అని. అది 1986 ఆల్బమ్. పాటలు నిజంగానే బాగా వచ్చాయి, ఆల్ నైట్‌మేర్ లాంగ్ ఇప్పటికీ నా జిమ్ ప్లేలిస్టులో ఉంది. దెబ్బ పడింది సౌండ్ దగ్గర.

కొంచెం టెక్నికల్, ఒక్క నిమిషం భరించండి. డిజిటల్ సౌండ్‌కి ఒక సీలింగ్ ఉంటుంది. దానికి మించి లెవెల్ పెంచితే వేవ్ పైభాగం కత్తితో కోసినట్టు చదునైపోతుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు. నిమజ్జనం రోజు డీజే బాక్సు దగ్గర నిలబడితే బేస్ పగిలినట్టు బర్రుమంటుంది చూడండి, ఆ టైపు. డెత్ మ్యాగ్నెటిక్ సీడీ మొత్తం అలా ఉంది. ఫ్యాన్స్ ఎలా పట్టుకున్నారో తెలుసా? గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో కూడా ఆ పాటలు వచ్చాయి. గేమ్ కోసం ఒక్కో వాయిద్యం ట్రాక్ విడివిడిగా ఇవ్వాలి కాబట్టి, ఆ చివరి స్టేజ్‌లో లెవెల్ బాదుడు వాటికి పడలేదు. గేమ్‌లో క్లీన్‌గా వినిపించేది డబ్బులిచ్చి కొన్న సీడీలో పగిలిపోతోంది! రెండు వేవ్‌ఫామ్స్ పక్కపక్కన పెట్టి చూపించారు. మళ్లీ మిక్స్ చెయ్యండని వేలమంది ఆన్‌లైన్‌లో సంతకాలు పెట్టారు. నాకు అర్థమైంది ఏంటంటే, కుర్రాళ్లలా వినిపించాలనే కంగారు ఉన్నప్పుడు వాల్యూమే మొదటి మేకప్ అవుతుంది.

ఇక ఆబ్బా. మీలో సగం మంది స్కిప్ కొట్టబోతున్నారని తెలుసు, ఆగండి. వాయేజ్, 2021 నవంబర్ 5. అంతకుముందు ఆల్బమ్ ద విజిటర్స్, 1981. సరిగ్గా 40 ఏళ్ల గ్యాప్. ఇందులో ఐ స్టిల్ హ్యావ్ ఫెయిత్ ఇన్ యూ వినండి. అగ్నెథా, ఫ్రీడా గొంతులు కిందికి దిగాయి, కొంచెం బరువెక్కాయి. వాటిని పైకి లాగి పాలిష్ కొట్టే ప్రయత్నం ఎవరూ చెయ్యలేదు. అందులోనే జస్ట్ ఎ నోషన్ అని ఇంకో పాట ఉంది. దాని గొంతులు 1978లో రికార్డ్ చేసినవి, వెనక మ్యూజిక్ కొత్తగా వేశారు. అంటే ఒకే ఆల్బమ్‌లో ఆ ఇద్దరి 28, 32 ఏళ్ల గొంతులూ ఉన్నాయి, 70 దాటిన గొంతులూ ఉన్నాయి. కళ్లు మూసుకుని ఒకదాని తర్వాత ఒకటి వినండి. నాకైతే పాత గొంతు అందంగా ఉంది, కొత్త గొంతు మాట నమ్మాలనిపించింది.

తమాషా ఏంటంటే, అదే పేరుతో లండన్‌లో 2022 నుంచి నడుస్తున్న షోలో నలుగురూ 1979లో ఉన్నట్టు డిజిటల్ బొమ్మలుగా కనిపిస్తారు. చెవికి వయసు ఓకే, కంటికి మాత్రం వింటేజే కావాలి. టికెట్లు కంటి వల్ల అమ్ముడవుతాయి మరి.

ఇప్పుడు కొంతమంది కామెంట్‌లో తగులుకుంటారు. "ఏసీ/డీసీ సంగతేంటి అన్నా? వాళ్లు పుట్టినప్పటి నుంచి ఒకటే పాట వాయిస్తున్నారు కదా, అది వింటేజ్ కాదా?" అని. కరెక్టే, వాళ్లు నా లెక్కకి లొంగరు. 2020లో వచ్చిన పవర్ అప్ 1980లో వచ్చినా ఎవరూ ఆశ్చర్యపోరు. కానీ ఆ ఆల్బమ్ వెనక ఒక సంగతి ఉంది. రిథమ్ గిటార్ మాల్కమ్ యంగ్ 2017 నవంబర్‌లో చనిపోయాడు, డిమెన్షియాతో. తమ్ముడు యాంగస్, అన్నతో కలిసి ఏళ్ల తరబడి దాచుకున్న రిఫ్స్ బయటికి తీసి ఆల్బమ్ చేశాడు. ప్రతి పాట కింద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మాల్కమ్ వాయించాల్సిన చోట వాళ్ల అన్న కొడుకు స్టీవీ వాయించాడు. కొత్తగా ఏదైనా ట్రై చేసి ఉంటే అన్నని ఇంట్లోంచి పంపించేసినట్టు అయ్యేది. ఇక్కడ మారకపోవడానికి ఒక కారణం ఉంది, ఆ కారణం మార్కెట్ కాదు. ఇలాంటి చోట నేను నోరు మూసుకుని వాల్యూమ్ పెంచుతా.

సరే, ఇక నేను మొదటి నుంచీ చెప్పాలనుకుంటున్న ఆల్బమ్. డేవిడ్ బోవీ, బ్లాక్‌స్టార్.

ముందు ఒక కవర్ గురించి చెప్పాలి. 2003 ఆల్బమ్ తర్వాత బోవీ పదేళ్లు కొత్త ఆల్బమ్ ఇవ్వలేదు. 2013లో ద నెక్స్ట్ డే అని చడీచప్పుడూ లేకుండా వచ్చాడు. ఆ ఆల్బమ్ కవర్ ఏంటో తెలుసా? 1977 నాటి తన ఫేమస్ ఆల్బమ్ హీరోస్ కవరే. అదే బ్లాక్ అండ్ వైట్ ఫొటో. మొహం మీద మాత్రం ఒక తెల్ల చతురస్రం అతికించి, అందులో కొత్త పేరు రాశారు. ఫ్యాన్స్ ఏ మొహం కోసం ఎదురుచూస్తున్నారో ఆ మొహాన్నే కప్పేశాడు. వింటేజ్ అడిగిన వాళ్లకి ఇంతకన్నా మర్యాదగా నో చెప్పడం నేను చూడలేదు.

తర్వాత 2014లో న్యూయార్క్‌లో 55 బార్ అనే చిన్న క్లబ్‌కి వెళ్లి ఒక జాజ్ బ్యాండ్ విన్నాడు. శాక్సఫోన్ డానీ మెకాస్లిన్, డ్రమ్స్ మార్క్ గిలియానా. వాళ్లనే తెచ్చుకుని బ్లాక్‌స్టార్ చేశాడు. పాత బ్యాండ్‌ని పిలవలేదు. ఆ టైమ్‌లో కెండ్రిక్ లామార్ ఆల్బమ్ టు పింప్ ఎ బటర్‌ఫ్లై బాగా వింటున్నారని ప్రొడ్యూసర్ టోనీ విస్కాంటీ తర్వాత చెప్పాడు. అలాగని బోవీ ర్యాప్ చెయ్యలేదు, హుడీ వేసుకోలేదు. వాళ్ల ధైర్యాన్ని తీసుకున్నాడు, సౌండ్ తనదే. ఏడు పాటలు, 41 నిమిషాలు. మొదటి పాట ఒక్కటే పది నిమిషాలు.

2016 జనవరి 8, శుక్రవారం రిలీజ్. అది ఆయన 69వ పుట్టినరోజు. నేనప్పుడు బీటెక్ సెకండ్ ఇయర్. జియో ఇంకా రాలేదు, ఒక జీబీ డేటాతో నెలంతా సర్దుకునే రోజులు. హాస్టల్లో ఒకడు ఎలాగో సంపాదిస్తే, శనివారం రాత్రి ఒక్కో చెవికి ఒక ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఇద్దరం విన్నాం. వాడికి అస్సలు నచ్చలేదు, "ఏంట్రా ఈ గోల" అన్నాడు. నాకు ఆ డ్రమ్స్ నుంచి బయటపడటం కుదరలేదు. ఆదివారం మళ్లీ రెండుసార్లు విన్నా. సోమవారం సంక్రాంతికి ఊరెళ్లే బస్సులో ఉండగా న్యూస్ కనిపించింది. జనవరి 10న చనిపోయాడని. పద్దెనిమిది నెలలుగా క్యాన్సర్ అని. బయటికి చెప్పలేదు. బస్సులో మళ్లీ మొదటి నుంచి పెట్టా. లాజరస్ అనే పాట వచ్చేసరికి ఇయర్‌ఫోన్స్ తీసేశా. పక్క సీట్లో ఉన్న పెద్దాయన "ఏమైంది బాబూ" అని అడిగారు. ఏమీ లేదండీ అన్నా. ఏం చెప్తాం?

ఈ కథ ఎందుకు చెప్పానంటే, చాలామంది బ్లాక్‌స్టార్ గురించి "చనిపోయాడు కాబట్టి గొప్పగా అనిపిస్తోంది" అంటారు. నాకు ఆ రెండు రోజులు గుర్తున్నాయి. అప్పటికి ఎవరికీ ఏమీ తెలియదు, అప్పటికే వచ్చిన రివ్యూల్లో చాలావరకు మెచ్చుకున్నవే. జాలితో వేసిన మార్కులు కావు. చావు వార్త పాటల అర్థాన్ని మార్చింది, నిజమే. సౌండ్‌ని మార్చలేదు. 69 ఏళ్ల మనిషి, ఊపిరి కొంచెం తగ్గుతున్న గొంతు. ఆ గొంతుని దాచకుండా మైక్‌కి దగ్గరగా పెట్టి, చుట్టూ తనకన్నా చిన్నవాళ్లని పూర్తి స్పీడ్‌తో పరిగెత్తమన్నాడు. హాక్నీ డైమండ్స్‌లో స్టోన్స్‌ని కుర్రాళ్లలా చూపించడానికి చుట్టూ అంతా సర్దారు. ఇక్కడ కుర్రాళ్లు పరిగెడుతుంటే మధ్యలో ఆ పెద్దాయన తన వయసుతో కదలకుండా నిలబడ్డాడు. చెవికి తెలిసేది ఈ తేడానే.

ఒక చిన్న వార్నింగ్ కూడా. వయసు వినిపిస్తే చాలు గొప్ప ఆల్బమ్ అనుకోకండి. జానీ క్యాష్ 2002లో హర్ట్ పాడాక దానికో ఫార్ములా తయారైంది. ఒక పెద్దాయన, ఒక అకూస్టిక్ గిటార్, స్లోగా ఎవరిదో పాట. క్యాష్‌ది నిజం. తర్వాత వచ్చిన వాటిలో చాలావరకు ముసలితనం వేషం. అది కూడా ఇంకో రకం మేకప్పే.

చివరగా బాబ్ డిలన్, త్వరగా చెప్పేస్తా. 2020 మార్చి 27. మన దగ్గర లాక్‌డౌన్ పెట్టి మూడో రోజు. నేను మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కాల్స్ అటెండ్ అవుతున్నా. డిలన్ ఏ హడావుడీ లేకుండా ఒక పాట వదిలాడు, మర్డర్ మోస్ట్ ఫౌల్. దాదాపు 17 నిమిషాలు. 1963లో కెన్నెడీ హత్య గురించి మొదలై, సగం దాటాక రేడియో డీజేకి రిక్వెస్టులు పెడుతున్నట్టు పాటల పేర్లు, సంగీతకారుల పేర్లు చెప్పుకుంటూ పోతాడు. కోరస్ లేదు, బీట్ ఉందో లేదో అన్నట్టుంటుంది. 60 ఏళ్ల కెరీర్‌లో బిల్‌బోర్డ్ చార్టుల్లో ఆయన సొంత గొంతుతో నంబర్ వన్ అయిన మొదటి పాట ఇదే. ఆ జూన్‌లో ఆల్బమ్ వచ్చింది, రఫ్ అండ్ రౌడీ వేస్, 79 ఏళ్ల వయసులో. అంతకుముందు వరసగా సినాత్రా కాలం నాటి పాటల ఆల్బమ్స్ చేస్తుంటే ఫ్యాన్స్ తలలు పట్టుకున్నారు. ఆ పాటలు పాడీ పాడీ ఆ బొంగురు గొంతుని మెల్లగా, ఒక్కో మాట తడుముతూ ఎలా వాడాలో నేర్చుకున్నాడని నా అనుమానం. ఐ కంటెయిన్ మల్టిట్యూడ్స్ వినండి, మీకూ అదే అనుమానం వస్తుంది.

కాబట్టి తమ్ముడూ, నీ కామెంట్‌కి జవాబు: అన్నీ వద్దు, ఒకటి విను. బ్లాక్‌స్టార్. షఫుల్ ఆపెయ్, ఫోన్ స్పీకర్‌లో వద్దు, వైర్డ్ ఇయర్‌ఫోన్స్ ఉంటే బెటర్. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే ఎల్బీ నగర్ దిగేలోపు అయిపోతుంది. మధ్యలో రీల్స్ ఓపెన్ చెయ్యకు. నచ్చకపోతే కామెంట్‌లో తిట్టు, పిన్ చేస్తా.

వచ్చే వారం ఐరన్ మెయిడెన్ లైవ్ ఆల్బమ్స్ గురించి మాట్లాడుకుందాం. హాస్టల్ ఫ్రెండ్ కూడా వస్తానన్నాడు, వాడి మనసు ఇంకా మారలేదు. బై.